మీట బిగుసుకుంది

ఫిబ్రవరి 3

ఒరే మాస్టరూ,

"ముందు అందరం బాగున్నామని రాయండి" అని మీ అక్క నా కుర్చీ వెనక నిలబడి చెబుతోంది. రాశాను. నా మటుకు నాకు బాగుండటానికి కూడా ఓపిక లేదు. ఫోన్ చెయ్యకుండా ఈ కాగితాలేమిటంటావేమో. ఈ మధ్య ఫోనులో నాకు సగం మాటలే వినపడుతున్నాయి, ఆ సగమూ నువ్వు దగ్గేసరికి పోతున్నాయి. పైగా నీతో పనిబడింది, అది కాగితం మీదే ఉండాల్సిన పని.

దీనితోపాటు ఒక పెట్టె వస్తుంది. అందులో మూడు పర్సులుంటాయి. తోలువి కావు, రేకువి. అరచేతిలో ఇమిడేంత సన్నవి. కార్డులు తప్ప ఇంకేమీ పట్టవు. జనం ఇప్పుడు ఇవే ఎగబడి కొంటున్నారట. నెలకో వస్తువు తీసుకుని, ఏ కంపెనీది మేలో పోల్చి పత్రికలో రాయడమే కదా నా బతుకు. గొడుగులు పోల్చాను, ఇస్త్రీ పెట్టెలు పోల్చాను, పోయిన నెల దిండ్లు పోల్చాను. "ఏది కొన్నా ఒకటే, వెళ్ళి పడుకోండి" అని రాయాలని ప్రతి నెలా అనిపిస్తుంది. రాస్తే జీతం ఇవ్వరు కాబట్టి ఊరుకుంటాను.

నల్లదానికి అడుగున మీట ఉంటుంది. నొక్కితే కార్డులు మెట్లు మెట్లుగా పైకి లేస్తాయి. వెండిరంగుదానికి మీట పక్కన సన్నటి గాడిలో ఉంటుంది, బొటనవేలితో పైకి తోయాలి. రాగిరంగుది అగ్గిపెట్టె వరస. పై రేకు పక్కకి జరిపితే లోపలి కార్డు బయటపడుతుంది. మూడూ మార్చి మార్చి వాడు. ఎలా ఉన్నాయో అప్పుడప్పుడు రాస్తూండు.

నువ్వే ఎందుకంటే, బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరువి, నీకు గేటుకో కార్డు, కటింగ్ హాలు తలుపుకో కార్డు, క్యాంటీనుకో కార్డు. రోజంతా తీస్తూ పెడుతూ ఉంటావు. రెండోది నీ బొటనవేలు. ఇన్నేళ్ళు ఆ పెద్ద కత్తెరని ఆడించిన వేలు. ఇంట్లో ఏ డబ్బా మూత రాకపోయినా మీ అక్క ఇప్పటికీ "మా తమ్ముడుంటేనా" అంటుంది, మూత తియ్యలేక నేను పక్కనే నిలబడి ఉన్నా సరే.

ఒక్కటే పద్ధతి. వస్తువు గురించే రాయి, నీ గురించి రాయకు. గొడుగు వాడి చూసి రాయమంటే ఒకాయన వాళ్ళావిడ వదిలేసి వెళ్ళిన సంగతి పేజీలకి పేజీలు రాశాడు. అందులోంచి గొడుగు పుల్లల సంగతి ఏరుకునేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

మా చెల్లెల్ని అడిగానని చెప్పు.

మీ బావ


ఫిబ్రవరి 19

బావా,

పెట్టె అందింది. దాని మీద నీ చేతిరాత చూసి మీ చెల్లెలు తనకేదో పంపావని ఆత్రంగా విప్పింది. "ఈ రేకుముక్కలకా ఇంత దూది!" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ దూది మాత్రం దాచుకుంది.

మూడూ వాడుతున్నాను. నల్లదాని మీట నొక్కితే టప్పుమంటుంది. మొదటి రోజు గేటు దగ్గర మా వాచ్‌మన్ ఉలిక్కిపడి నా చేతులకేసి చూశాడు. ఇప్పుడు అలవాటైపోయి నేనొస్తుంటే ముందే చెవులు మూసుకుంటున్నాడు. వెండిది నున్నగా జారుతుంది, అన్నిటికన్నా అదే మేలు. రాగిది ఒక కార్డు తియ్యబోతే దాని పక్కదాన్ని కూడా వెంటేసుకొస్తుంది. క్యాంటీన్‌లో నావన్నీ నేలపాలయ్యాయి. పత్రిక కోసం పరీక్ష చేస్తున్నానని అందరికీ చెప్పుకున్నాను. చెప్పుకోకుండా ఎలా ఉంటాను, మా హాల్లో ఈ ఏడాది చెప్పుకోదగ్గది ఇంకేముంది?

మా దగ్గర మిషను దిగుతోంది బావా. గుడ్డని దొంతరగా పేర్చి మీట తిప్పితే దానంతటదే కోసుకుపోతుందట. కత్తెర పట్టేవాళ్ళు ఇక అక్కర్లేదు, ఒక్కడు తప్ప. కొత్త డిజైను వచ్చినప్పుడు మొదటి పీసు చేత్తోనే కోయాలి. దానికోసం కిటికీ పక్కన ఒక్క బల్ల ఉంచుతారట. ఆ బల్ల ఎవరికిచ్చేదీ వానలు తగ్గాక మేనేజరు చెబుతాడు. మిగతావాళ్ళు మిషను కింద ముక్కలు ఏరుకోవాలి, లేదంటే ఇంటికి పోవాలి.

నాకు ఆ బల్ల కావాలి. కత్తెర తప్ప నాకింకేమీ చేతకాదని నీకు తెలుసు. ముక్కలు ఏరుతూ హాల్లో తిరగడం నావల్ల కాదు. మీ చెల్లెలితో ఈ మాట ఇంకా అనలేదు, నీకే రాస్తున్నాను.

నీ బావమరిది


మార్చి 8

ఒరే మాస్టరూ,

నీ ఉత్తరంలో పర్సులకి ఒక పేరా, నీకు రెండు పేరాలు. పైన ఏం చెప్పాను, నువ్వేం చేశావు? సరే, మొదటిసారి కాబట్టి వదిలేస్తున్నాను.

బల్ల నీకే వస్తుంది. నీకు కాకపోతే ఇంకెవరికిస్తారు? దాని గురించి బెంగపడి నాకు రాస్తే నేను చెయ్యగలిగిందీ లేదు. నా సంగతే నాకు అంతుబట్టడం లేదు. మా దగ్గరికి కొత్త ఎడిటరమ్మ వచ్చింది. నా పాత వ్యాసాలన్నీ ముందేసుకుని చదివి, "అన్నీ ఒకేలా ఉన్నాయండీ" అంది. వస్తువులే ఒకేలా ఉంటే వ్యాసాలు వేరేగా ఎలా ఉంటాయమ్మా అనబోయి మింగేశాను. ఈ పర్సుల వ్యాసంలోనైనా ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఉండాలట. 

కాబట్టి నాకు కావలసింది ఇది. మీట ఎలా నడుస్తోంది, వాడే కొద్దీ మారిందా, కార్డులు జారిపోతున్నాయా, గీతలు పడుతున్నాయా. ముక్కకి ముక్క. మిగతాదంతా నువ్వు ఇంటికొచ్చినప్పుడు చెప్పుకుందాం. ఎప్పుడొస్తావని మీ అక్క అడుగుతోంది. నాకు చెవులు సరిగ్గా వినపడవు కాబట్టి రెండుసార్లు అడుగుతోంది.

మీ బావ


ఏప్రిల్ 2

బావా,

నల్లది: మీట బిగుసుకుంది. మొదట్లో ఒక్క నొక్కుకి కార్డులు లేచేవి. ఇప్పుడు రెండోసారి, మూడోసారి నొక్కాల్సి వస్తోంది. టప్పుమనడం మానేసింది. వాచ్‌మన్‌కి సుఖంగా ఉంది.

వెండిది: పొద్దున బాగానే జారుతుంది. సాయంత్రానికి బరువెక్కుతోంది.

రాగిది: ఫరవాలేదు. గీతలు పడ్డాయి.

నా గురించి: రాయొద్దన్నావు.

నీ బావమరిది


ఏప్రిల్ 20

ఒరే మాస్టరూ,

ఇదీ ఉత్తరమంటే. చదివి లేచి నిలబడ్డాను. నిలబడి చాలా రోజులైంది, మోకాళ్ళు ఒప్పుకోలేదు, మళ్ళీ కూర్చున్నాను.

వాడే కొద్దీ మీట బిగుసుకుంటోందా! ఈ సంగతి నాకు తెలిసి ఎవరూ రాయలేదు. అందరూ కొత్తది తెచ్చుకుని, రెండు రోజులు ఆడించి, భేషుగ్గా ఉందని రాసేస్తారు. సాయంత్రానికి బరువెక్కడం గురించి ఆలోచించాను. మీ హాల్లో సాయంత్రానికి వేడి పెరుగుతుంది కదా, రేకు సాగి గాడి ఇరుకైపోతుండాలి. లేదా గుడ్డ నూగు లోపలికి పోయి ఉండాలి. కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేసి, మళ్ళీ వాడి రాయి. 

ఇంట్లో విశేషాలేమీ లేవు. మీ అక్క నా చొక్కాలన్నీ సర్దుతూ, ఇవన్నీ నీ చేత్తో కోసినవేనని ఒక్కోటీ తీసి చూసుకుంటోంది. మెడ దగ్గర నువ్వు కోసినట్టు ఎవరూ కొయ్యలేరట. ఇది నీ గురించి రాసినట్టయింది, నా పద్ధతి నేనే తప్పాను.

మీ బావ


మే 14

బావా,

నూనె వేశాను. తేడా లేదు. నూగు కూడా దువ్వెన పన్నుతో తీశాను. తేడా లేదు.

వెండిది కూడా బిగుసుకుంది, ఇప్పుడు పొద్దున కూడా అంతే. రాగిదాని పై రేకు జరపాలంటే పర్సుని బల్ల అంచుకి ఆనించి తొయ్యాల్సి వస్తోంది. గేటు దగ్గర నా వెనక వరస పెరిగిపోతోంది. "మాస్టరూ, ఆ డబ్బా అవతల పారేసి కార్డు జేబులో పెట్టుకోండి, పుణ్యముంటుంది" అన్నాడు వాచ్‌మన్. వెనకున్నవాళ్ళు నవ్వారు. పత్రిక పని, మధ్యలో మానకూడదని చెప్పాను.

మూడూ ఒకదాని తర్వాత ఒకటి ఒకలాగే అయ్యాయి. నీ దగ్గర ఇలాంటివే ఇంకో జత ఉంటే నువ్వోసారి నొక్కి చూడకూడదూ? పాతబడ్డది దొరికితే మరీ మంచిది. నువ్వు కూడా బిగుతుగా ఉందంటే నాకు నిశ్చింత.

మిషను తాలూకు చెక్కపెట్టెలు వచ్చేశాయి. హాల్లో మూల పడి ఉన్నాయి. ఇది పర్సు సంగతి కాదు, కొట్టెయ్యి.

నీ బావమరిది


జూన్ 10

ఒరే మాస్టరూ,

ఇంకో జత ఎక్కడిదిరా? ఉన్న మూడూ నీ దగ్గరే ఉన్నాయి. అయినా నీకీ అనుమానం ఎందుకు? నీ వేలికన్నా నమ్మకమైన మిషను మా ఆఫీసులో లేదు. మీటలు నొక్కి చూసే మిషను ఒకటి ఉండేది, అది మెట్ల కింద తుప్పుపట్టి ఉంది, దాని మీద మా వాళ్ళు పాత గొడుగులు పెట్టుకున్నారు.

వ్యాసం రాసేశాను. అచ్చయింది కూడా. ఇందులో ఒక కాపీ పెట్టాను. "వాడే కొద్దీ బిగుసుకునే పర్సులు" అని పైన పెద్ద అక్షరాల్లో వేశారు. మూడిటిలో ఏదీ కొనొద్దని రాశాను. ఎడిటరమ్మ నా బల్ల దగ్గరికి తనే నడిచొచ్చి బాగుందంది. ఆ తర్వాత కాసేపు పని చెయ్యబుద్ధి కాలేదు. మంచి మాట అలవాటు తప్పిపోయింది. 

నీ పేరు వెయ్యలేదు కానీ, "చేతిలో బలమున్న ఒక కటింగ్ మాస్టరు వాడి చూసినది" అని రాశాను. పర్సులు వెనక్కి పంపించు, ఆఫీసులో దాచాలి.

మీ బావ


జూన్ 28

బావా,

పత్రిక అందింది. మీ చెల్లెలు రెండుసార్లు చదివింది. క్యాంటీన్ బోర్డు మీద నీ వ్యాసం అంటించారు. "చేతిలో బలమున్న కటింగ్ మాస్టరు" అన్నచోట ఎవరో ఎర్ర పెన్సిలుతో గీత గీశారు. మేనేజరు కూడా భోజనానికొచ్చి నిలబడి చదివాడు. "మీ వేలేనా ఇది?" అన్నాడు. అవునన్నాను.

నువ్వు అచ్చులో వేశాక నాకు చాలా తేలికైంది. తప్పు పర్సులదే అని పత్రికలోనే ఉంది కదా. ఆ రోజు కంటినిండా నిద్రపోయాను.

మూడూ కట్టి పంపిస్తున్నాను. దారం ముడి మీ చెల్లెలు వేసింది.

నీ బావమరిది


జూలై 17

మాస్టరూ,

ఇది రాయకూడదనుకున్నాను, ఉండబట్టలేక రాస్తున్నాను.

వెండిరంగు పర్సు కంపెనీవాళ్ళు ఎడిటరమ్మకి పెద్ద ఉత్తరం రాశారు. వాళ్ళ మీటని మిషను మీద పెట్టి ఎన్ని వేలసార్లో తోసి చూశారట, వెంట్రుకవాసి కూడా మారలేదట. ఎడిటరమ్మ నన్ను పిలిపించింది. నువ్వు పంపిన కట్ట అందరి ముందూ విప్పించింది. వెండిది తీసి చిటికెనవేలితో తోసింది. నీళ్ళ మీద జారినట్టు జారింది. నల్లది నొక్కింది, టప్పుమంది. రాగిది తెరిచింది. మూడూ నా ముందు పెట్టి, "మీరు వీటిని ఒక్కసారైనా చేత్తో పట్టుకున్నారా?" అంది. గది నిండా జనం ఉన్నారు. నా చెవులు అప్పుడు మాత్రం శుభ్రంగా వినపడ్డాయి.

ఇంటికి తెచ్చి మీ అక్క చేతిలో పెట్టాను. ఆవిడ ఒక చేత్తో పాలు కలుపుతూ రెండో చేత్తో మూడూ తెరిచేసింది. "దీనికా ఇంత రాద్ధాంతం?" అంది.

నువ్వు వాటిని వాడనే లేదు. సొరుగులో పడేసి, నేను అడిగినప్పుడల్లా నోటికొచ్చింది రాసి పంపావు. నూనె వేశానన్నావు, నూగు తీశానన్నావు. బావే కదా, ఏం రాసినా వేసుకుంటాడనుకున్నావు. ఈ వయసులో నన్ను నలుగురిలో నిలబెట్టావు. మిషను గొడవలో నీకు తీరిక లేకపోతే ఆ మాటే చెప్పి ఉండొచ్చు, ఇంకెవరినైనా చూసుకునేవాణ్ణి.

సవరణ రాయమన్నారు. ఏమని రాయను?

బావ


జూలై 30

బావగారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది.

పర్సులు నేను వాడాను. పని ఉన్న ప్రతి రోజూ వాడాను. నొక్కినప్పుడు ఎలా ఉందో అలాగే రాశాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. మిగతాది రాయడానికి మీ పద్ధతిలో చోటు లేదు. మిమ్మల్ని ఒకసారి నొక్కి చూడమని అడిగాను. మీకు కుదరలేదు.

సవరణలో మీరు ఏమైనా రాసుకోండి, కటింగ్ మాస్టరు అన్న మాట మాత్రం రాయకండి. చేతి గురించి అసలు రాయకండి. మీ పత్రిక ఇక్కడ బోర్డు మీద అంటిస్తారు. బల్ల సంగతి ఇంకా తేలలేదు. మేనేజరు వచ్చే నెల అందరిచేతా దళసరి గుడ్డ కోయించి చూస్తాడట.

అక్కయ్యకి నమస్కారాలు చెప్పండి. మీ ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
మీ బావమరిది


ఆగస్టు 9

ఒరే,

నీ ఉత్తరంలో ఆ "గారు" చూసి ముందు ఒళ్ళు మండింది. ఎన్నేళ్ళొచ్చినా నువ్వు నన్ను "మీరు" అన్నది లేదు. పెళ్ళిచూపుల నాడే "బావా, నువ్వు మంచం మీద కూర్చో" అన్నవాడివి. "చూశావా మీ తమ్ముడి పొగరు" అని కాగితం మీ అక్క చేతికిచ్చాను.

ఆవిడ చదివింది. పాత ఉత్తరాలు కూడా ఇమ్మంది. గిన్నెలు తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయి, నాతో అంది: "మూడూ మూడు కంపెనీలవి. ఒకదానికి అడుగున మీట, ఒకదానికి పక్కన, ఒకదానికి అసలు మీటే లేదు. మూడూ ఒకలాగే ఎందుకు బిగుసుకుంటాయండీ? మూడిటినీ నొక్కింది వాడొక్కడే కదా." ఆ మాటనేసి ఆ తుడుపుగుడ్డతోనే మొహం కప్పుకుంది.

ఎన్నో ఏళ్ళుగా ఇది మేలు, అది నాసి అని తీర్పులు చెప్పుకుంటూ బతికినవాణ్ణి. వంటింట్లో మీ అక్కకి తట్టింది నాకు తట్టలేదు. వేడి అన్నాను, నూగు అన్నాను, నూనె వెయ్యమన్నాను. ఒక్క పర్సైనా తెప్పించుకుని నొక్కి చూడటానికి బద్ధకించాను. నీ గురించి రాయకు, రాయకు అని నీ నోరు నొక్కేశాను. నామీద నాకే అసహ్యంగా ఉంది.

ఈసారి వస్తువుల గురించి ఒక్క అక్షరం రాయకు. నీ చేతికేమైంది? ఎన్నాళ్ళ నుంచి? డాక్టరుకి చూపించావా? మా చెల్లెలికి తెలుసా? పేజీలకి పేజీలు రాయి, అంతా చదువుతాను.

సవరణ గురించి దిగులు పడకు. నిజం రాస్తే మీ మేనేజరు చదువుతాడని నాకు తెలుసు. "వ్యాసం రాసినవారు వస్తువులను స్వయంగా పరీక్షించలేదు. పర్సులలో లోపం లేదు. తప్పు పూర్తిగా రాసినవారిదే" అని రాసిచ్చాను. అదీ నిజమే కదా. నీ ఊసు ఎక్కడా లేదు. ఈ నెలలోనే పడుతుంది. ఆ శీర్షిక నా దగ్గర్నుంచి తీసేశారు. ముందు గదిలో కూర్చోబెట్టి చందాదార్ల చిరునామాలు అంటించమన్నారు. జిగురు వాసనకి కాస్త తల తిరుగుతుంది కానీ, ఏది మేలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. నేను అలిసిపోయి చాలా కాలమైంది. నువ్వు వెళ్ళి ఆ దళసరి గుడ్డ ఎలాగోలా కోసి, ఆ బల్ల తెచ్చుకో. చెయ్యి సంగతి ఆ తర్వాత చూద్దాం. లేదు, అలా కాదు. చెయ్యి సంగతే ముందు చూడు.

మీ బావ


సెప్టెంబర్ 1

అన్నయ్యా,

చేతిరాత నాది, మాటలు మీ బావమరిదివి. ఎదురుగా కూర్చుని చెబుతున్నారు. మధ్యలో నా సొంతం కలపొద్దని ముందే ఒట్టు వేయించుకున్నారు. ఇక ఆయన మాట:

బావా,

నీ సవరణ బోర్డు మీద అంటించారు, పాత వ్యాసం పక్కనే. భోజనాల దగ్గర ఒకడు పైకి చదివాడు. "అయితే మాస్టరూ, మీ బావకి పని రాదన్నమాట" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను బావా. నవ్వితే బల్ల నాకు దక్కుతుంది కదా. ఆ తర్వాత ముద్ద కంచంలోనే వదిలేశాను. చెయ్యి కడుక్కుని మేనేజరు గదికి వెళ్ళాను.

"బోర్డు మీదున్నది సరిగ్గా లేదు సార్. పర్సులు మంచివే, మా బావకి పనీ వచ్చు. చెడిపోయింది ఇదీ" అని వేలు చూపించాను. ఆయన నమ్మలేదు. దళసరి గుడ్డ తెప్పించి కొయ్యమన్నాడు. సగం దాకా వెళ్ళి కత్తెర గుడ్డలోనే ఆగిపోయింది. ఆయన పాపం కత్తెర తనే మెల్లగా నా వేళ్ళలోంచి విడిపించి బల్ల మీద పెట్టాడు. కిటికీ పక్క బల్లని నా వెనక నిలబడి కోసే అతనికిచ్చారు. బాగానే కోస్తాడు, మెడ దగ్గర కొంచెం తొందరపడతాడు. నన్ను సెలవు పెట్టి చెయ్యి చూపించుకోమన్నారు. ఆ తర్వాత సంగతి ఆ తర్వాతేనట.

డాక్టరు మణికట్టు దగ్గర నరం నలిగిపోయిందన్నాడు. ఏళ్ళ తరబడి కత్తెర పట్టడం వల్ల కావచ్చట. బొటనవేలి మొదట్లో కండ కరిగిపోయింది, పట్టుకుంటే గుంట తెలుస్తోంది. చిన్న కోత పెట్టి నరాన్ని వదులు చేస్తాడట. ఇంకా పోకుండా ఆపగలనన్నాడు, పోయింది వస్తుందని మాట ఇవ్వలేనన్నాడు.

నాకు చలికాలం నుంచీ అనుమానమే. నువ్వు పర్సులు పంపావు. పర్సు బిగుసుకుందని నీకు రాస్తుంటే, రాసినంతసేపూ అదే నిజమనిపించేది. అందుకే మళ్ళీ మళ్ళీ రాశాను. నువ్వు అచ్చు వేశాక పూర్తిగా నమ్మేశాను. నీ తప్పేమీ లేదు. నిన్ను "మీరు" అన్నందుకు మాత్రం అక్కని నన్ను తిట్టమను.

చిరునామాలు జాగ్రత్తగా అంటించు.

నీ బావమరిది

అన్నయ్యా, స్టాంపు కోసం ఆయన బయటికి వెళ్ళారు. ఒట్టు తప్పుతున్నాను. ఈ ముక్క మీరూ వదినా మాత్రమే చదవండి.

చలికాలం నుంచి రోజూ పొద్దున్నే చొక్కా తొడుక్కుని వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడి, "గుండీలు పెట్టవే" అనేవారు. పెళ్ళయిన కొత్తలో కూడా అలా అడిగిన మనిషి కారు. నేను "ఈ వయసులో ఇదేం సరసమండీ" అని విసుక్కుంటూ, చెయ్యి తుడుచుకుని, కింది నుంచి పైదాకా నెమ్మదిగా పెట్టేదాన్ని. ఆయన గోడకేసి చూస్తూ నిలబడేవారు. సిగ్గుపడుతున్నారనుకున్నాను. ఇన్నేళ్ళకి నామీద మళ్ళీ మనసు పుట్టిందనుకున్నాను. కొన్ని రోజులు ఆయన లేవకముందే తల దువ్వుకుని సిద్ధంగా ఉండేదాన్ని అన్నయ్యా.

మొన్న డాక్టరు "చొక్కా గుండీలు పెట్టుకోగలుగుతున్నారా?" అని అడిగాడు. ఆయన నా వైపు చూడకుండా "లేదండీ" అన్నారు. నాకప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున కూడా వచ్చి నిలబడ్డారు. ఈసారి ఏమీ అడగలేదు, తలొంచుకున్నారు. నేనే దగ్గరికి లాక్కుని పెట్టాను. మీరు ఇక్కడికొస్తే ఆయనతో అన్ని మాటలూ చెప్పండి, నేను సంతోషపడిన సంగతి మాత్రం చెప్పకండి. అడగడానికి ఆయన రోజూ ఎంత నామోషీ పడ్డారో, నాకు రోజూ అంత సంబరంగా ఉండేది.

మెట్లెక్కుతున్న చప్పుడవుతోంది, వచ్చేసినట్టున్నారు. ఉంటాను.

మీ చెల్లెలు